మంచె మీది మనిషి – జంబో మజుందార్

యుద్ధ విమానం అనగానే మనకు బాంబులే గుర్తొస్తాయి. కానీ కొన్ని విమాన దళాలకు బాంబు వేయడం కంటే చూడటం పెద్ద పని. పోడు చేలో రాత్రిపూట మంచె మీద కూర్చున్నవాడు ఏం చేస్తాడు? పంది ఎటు నుంచి వస్తుందో ముందు తను చూసి, కింద ఉన్నవాళ్ళకి కేకేసి చెప్తాడు. అవసరమైతే తనే రాయి విసురుతాడు. సైన్యానికి అలా పైనుంచి తోడుండే దళాన్ని టాక్టికల్ వైమానిక దళం అంటారు. దూరపు నగరాల మీద, ఫ్యాక్టరీల మీద బాంబులు వేసే దళం వేరు, ఇది వేరు. ఈ పనిలో పేరు తెచ్చుకున్న మన దేశస్థుడు కరుణ్ కృష్ణ మజుందార్. అందరూ ఆయన్ని జంబో అనేవారు.

మజుందార్ 1913లో పుట్టారు. ఆయన తల్లికి తండ్రి ఉమేశ్ చంద్ర బెనర్జీ. 1885లో కాంగ్రెస్ మొదటి మహాసభకు అధ్యక్షుడు ఆయనే. మన సోషల్ పుస్తకంలో చదువుకున్న పేరే! అలాంటి ఇంటి కుర్రాడు ఇంగ్లాండులోని క్రాన్‌వెల్ కాలేజీలో విమానం నడపడం నేర్చుకుని భారత వైమానిక దళంలో చేరారు.

ఆ దళం అప్పుడు చాలా చిన్నది. 1932లో ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగు వాపిటీ విమానాలతో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది. భారతీయులు విమానం నడిపితే నడపవచ్చు గానీ దళాన్ని నడిపించగలరా అని దొరలకు అనుమానం. ఆ స్క్వాడ్రన్‌కి 1941లో మజుందార్ నాయకుడయ్యారు. అంటే ఆయన ఓడిపోతే ఆయన ఒక్కడే ఓడినట్టు కాదు.

1942 ఫిబ్రవరిలో స్క్వాడ్రన్ బర్మాలోని తౌంగూ చేరింది. వాళ్ళ దగ్గరున్నవి లైసాండర్ విమానాలు. ఇద్దరు కూర్చునే విమానం. చిన్న మైదానంలో కూడా దిగుతుంది, సైన్యం కోసం వెతికి చూడటానికి బాగా పనికొస్తుంది. కానీ చాలా నెమ్మది. జపాను ఫైటర్ కంట పడితే తప్పించుకోవడం కష్టం. వీళ్ళు వచ్చీ రాగానే జపాను విమానాలు తౌంగూ మీద బాంబులు వేశాయి. మజుందార్ ఊరుకోలేదు. తన లైసాండర్‌కి రెండు బాంబులు కట్టించుకుని, రెండు బఫెలో ఫైటర్లు తోడు రాగా, థాయిలాండ్‌లోని మే హాంగ్ సాన్ విమానాశ్రయం మీదికి వెళ్ళి బాంబులు వేసి వచ్చారు. తర్వాత స్క్వాడ్రన్ మొత్తాన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళారు. చూడటానికి చేసిన విమానంతో దెబ్బ కూడా తీశారన్నమాట.

అయినా బర్మా నిలవలేదు. మార్చి 8న రంగూన్ జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడ మీద కూడా జపాను బాంబులు పడ్డాయి. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. ఆ ఏడాదే మజుందార్‌కు డి.ఎఫ్.సి. అనే శౌర్య పతకం వచ్చింది. వింగ్ కమాండర్ హోదా అందుకున్న మొదటి భారతీయుడు కూడా ఆయనే.

అంత హోదా వచ్చాక కుర్చీలో కూర్చుని ఆర్డర్లు వేయొచ్చు. ఆయన అలా చేయలేదు. 1944లో తనంతట తానే అడిగి యూరప్ వెళ్ళారు. అక్కడ ఫ్రాన్స్‌లో దిగే సైన్యాలకు తోడుగా బ్రిటన్ రెండవ టాక్టికల్ వైమానిక దళాన్ని పెట్టింది. అందులో 268వ స్క్వాడ్రన్‌లో పైలట్‌గా ఎగిరారు. కిందికి దిగి ఎగురుతూ శత్రువు బలగాలను ఫోటో తీసి తేవడం పని. పైకి పోతే వివరం కనపడదు, కిందికొస్తే తుపాకి గుండ్లు తగులుతాయి. నార్మండీలో, ఫలేజ్ యుద్ధంలో ఆయన ఆ పని చేశారు. అందుకు డి.ఎఫ్.సి. రెండోసారి ఇచ్చారు.

ఇటు ఆయన పాత స్క్వాడ్రన్ హరికేన్ విమానాలతో ఇంఫాల్ చేరి, అర్జన్ సింగ్ నాయకత్వంలో మూడవ టాక్టికల్ వైమానిక దళం కింద పోరాడింది. 1944లో జపాను సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టినప్పుడు కొండల్లో, అడవుల్లో దాక్కున్న సైనికుల జాడ పైనుంచి కనిపెట్టింది. కొండ, అడవి తెలిసిన మనకు అదెంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

మజుందార్ దేశానికి తిరిగొచ్చారు. 1945 ఫిబ్రవరి 17న లాహోర్‌లో హరికేన్‌తో విన్యాసాలు చేస్తుండగా విమానం కూలి చనిపోయారు. అప్పటికి వయసు 31 ఏళ్ళు. రెండు యుద్ధరంగాల్లో చావని మనిషి ప్రదర్శనలో పోయారు.

ఇదంతా చదివాక నాకొక సందేహం వచ్చింది. 1942లోనే క్విట్ ఇండియా అని ఎందరో జైళ్ళకు పోయారు. కాంగ్రెస్ మొదటి అధ్యక్షుని మనవడు మాత్రం తెల్లవాళ్ళ యూనిఫాం వేసుకుని యుద్ధం చేశారు. ఇది సరైనదేనా? ఆలోచిస్తే నాకనిపించింది ఇది: జైలుకు పోయినవాళ్ళు దేశాన్ని తెచ్చారు. తెచ్చిన దేశానికి ఆకాశంలో కాపలా కూడా కావాలి కదా. 1947 నాటికి ఆ పని తెలిసిన మనవాళ్ళు ఉన్నారంటే, నెమ్మది విమానంతో ముందు వెళ్ళి దారి చూపించిన మజుందార్ లాంటివాళ్ళే కారణం. మీరేమంటారో నాతో చెప్పండి, లేకపోతే వచ్చే సంచికలో రాయండి.