తడిలో తీగ వేసిన వైద్యుడు

బదిలీల మీద కలకత్తా వెళ్ళిన కుటుంబాల పిల్లలు శివపూర్ బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రిచెట్టును చూసే ఉంటారు. 1839లో ఆ తోటలోనే విలియం ఓషానెస్సీ అనే వైద్యుడు వెదుళ్ళు పాతి, వాటిమీద మైళ్ళ కొద్దీ తీగ లాగి, విద్యుత్తుతో సంకేతాలు పంపాడు.

ఐర్లండులో పుట్టిన ఆయన 1833లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మన దేశానికి వచ్చి, కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించారు. అంతకుముందే, కలరా రోగి రక్తంలోంచి నీరూ ఉప్పూ పోతాయని పరీక్షించి చెప్పారు. సెలైన్ ఎక్కించే చికిత్సకు దారి చూపింది ఆ పరిశోధనే. అదొక్కటి చేసి ఊరుకున్నా మనం ఆయన్ని తలుచుకోవలసిందే.

గాలిలో తీగకు పెద్దగా తొడుగు అక్కరలేదు. స్తంభం దగ్గర ఆనకుండా చూస్తే చాలు. చిక్కంతా నీటితోనే. ఉత్త తీగను నదిలో వేస్తే విద్యుత్తు అవతలి గట్టు చేరకముందే నీటిలోకి పోతుంది. హుగ్లీ దాటించడానికి ఆయన మొదట తీగకు కీలు పూసి, చీల్చిన పేము బద్దల మధ్య పెట్టి, పైన తారు పట్టించిన తాడు చుట్టారు. చేతికి దొరికిన వస్తువులతో చేసిన పని అది. మాకు నచ్చేది కూడా అదే.

ఆ తరువాత మలయా అడవుల నుంచి గట్టాపెర్చా వచ్చింది. అది ఒక చెట్టు పాలు. వేడినీటిలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. నీటి అడుగున ఏళ్ళ తరబడి చెడదు గాని, ఎండకూ గాలికీ పెళుసెక్కి పగులుతుంది. అందుకే 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వైపు లైను వేసినప్పుడు ఓషానెస్సీ అంతటా ఒకే తొడుగు వాడలేదు. నేలలో వేసిన ఇనుప కడ్డీకి కీలులో ముంచిన మద్రాసు గుడ్డ చుట్టి, పెంకుల వరుసలో పెట్టి, ఇసుకా గుగ్గిలమూ కరిగించి పోయించారు. నది అడుగున గట్టాపెర్చా తీగ వేశారు. పడవల లంగర్లు తగిలి తెగుతుందేమోనని దాన్ని లావాటి ఇనుప గొలుసు సందుల్లో ఇమిడ్చారు. ఈ పనుల్లో ఆయనకు కుడిభుజంగా నిలిచిన శివచంద్ర నంది పేరు మన పాఠాల్లో ఎందుకు కనబడదో మాకు తెలియదు.

1852లో రంగూన్ పట్టుబడిన వార్త ఈ తీగ మీదే కలకత్తా చేరింది. డల్హౌసీకి నమ్మకం కుదిరింది. 1855 నాటికి ఆగ్రా, బొంబాయి, మద్రాసు తీగతో కలిశాయి. మరుసటి ఏడు ఓషానెస్సీకి సర్ బిరుదు వచ్చింది.

ఇప్పుడు కూడా బోరుబావి నీళ్ళలో మునిగి తిరిగే మోటారు చుట్టలకు వాడే తీగ తొడుగు వేరు, ఇంటి గోడలో పోయే తీగ తొడుగు వేరు. 1889లో ఆయన ఇంగ్లండులోని సౌత్‌సీలో కన్నుమూసేనాటికి సముద్రాల అడుగున తంతితీగలు చాలావరకు గట్టాపెర్చా తొడుక్కునే ఉన్నాయి. ఆ పని పాలిథీన్ చేతికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే.