డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన బాల్కొండ ప్రాంతమున ఏ ఇల్లాలైనను రాత్రి పాలలో తోడు వేసి నిశ్చింతగా నిద్రించును. తెల్లవారునప్పటికి కంటికి కానరాని సూక్ష్మజీవులు ఆ పని ముగించియుండును. నిలువయున్న చెరకు రసము పులియుటయు, కల్లు నురుగెత్తుటయు వాటి పనియే. ఈ జీవులు ఒంటరిగా బ్రతుకునవి కావు. ఒకటి విడిచినది వేరొకదానికి ఆహారమగును, ఒక్కొక్కప్పుడు విషమగును. వాటి చెలిమిని, వైరమును రోగుల ప్రాణరక్షణకు వినియోగించిన మహనీయులలో మన తెలుగువారు సుబ్బారావుగారు ఒకరు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ మారు గాని కృతార్థులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. వారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధితో కొలది దినముల యెడమున గతించిరి. వైద్యము చదివిన తమ్మునికైనను, అన్నకైనను ఆనాడు ఆ వ్యాధికి మందు తెలియదు.

1923లో బోస్టన్ చేరి, రాత్రులు ఆసుపత్రిలో చిల్లర కొలువు చేయుచు చదివిరి. ఫిస్కె గారితో కలిసి 1925లో వెలువరించిన భాస్వరమును కొలుచు పద్ధతి వారిరువురి పేరనే నిలిచినది. కండరములకు శక్తినిచ్చు పదార్థములపై చేసిన కృషియు అట్టిదే. అయినను హార్వర్డులో వారికి స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు వెడలిరి.

అచట ఫోలిక్ ఆమ్లమును వెదకిన తీరు వినదగినది. కార్జపు సారమును అనేక భాగములుగా విడదీసిన పిమ్మట, కావలసిన పదార్థము ఏ భాగమున నున్నదో త్రాసు చెప్పలేదు. పాలను పులియబెట్టు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి చెప్పెను. ఆ పదార్థము లేనిదే అది పెరుగదు. ప్రతి భాగము నుండి కొంచెము తీసి దానికి పెట్టి, ఏ గొట్టము మసకబారి పులిసినదో చూచెడివారు. 1945 నాటికి వారి బృందము ఆ పదార్థమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూ రోగులకు అదియే మందైనది. సోదరుల మరణమునకు ఇరువది యేండ్లు దాటినవి!

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, బాలల రక్తకాన్సరునకు అమినోప్టెరిన్ అను మందులును ఆ ప్రయోగశాల నుండియే వచ్చినవి.

ఇక వైరము సంగతి. డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త డగ్గర్ గారు సుబ్బారావుగారి విభాగమున చేరి, దేశము నలుమూలల మన్ను తెప్పించి పరీక్షించిరి. మిస్సోరి పొలపు మన్నులోని బంగారు వన్నె జీవి, తన చుట్టునున్న రోగక్రిములను పెరుగనీయలేదు. అదియే 1948లో వెలువడిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయము కలిగినపుడు జనులు ఈ వర్గపు మందులనే వాడిరి.

ఆనాడు ఒక్కొక్క మట్టి నమూనాను ఒక్కొక్క గాజుపళ్లెమున పరీక్షింపవలసియుండెను. నేటి శాస్త్రజ్ఞులు వెంట్రుకవంటి సన్నని కాలువలలో నూనె ప్రవహింపజేసి, అందు నీటిని సెకనునకు వేలకొలది బిందువులుగా తెంచుచున్నారు. ఒక్కొక్క బిందువే ఒక ప్రయోగశాల. అందు రెండు మూడు జీవులను బంధించి, ఒకటి రెండవదానిని పెంచుచున్నదో, చంపుచున్నదో చూచుచున్నారు. బయట గుంపులో కలిసిపోవు స్వభావము ఆ ఇరుకు బిందువున బయటపడును. పళ్లెములో పెరుగని మట్టిజీవులు అనేకములు గనుక, ఈ పద్ధతి వలన క్రొత్త మందులు దొరకునని ఆశించుచున్నారు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, నిద్రలోనే గతించిరి. స్వదేశమునకు మరల రాలేదు. 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని వారి పేరు పెట్టెను.