చీమల మిత్రుడు జాన్ లబ్బక్

అనంతపురము మెట్టభూములలో వాన అపురూపమైనది. బత్తలపల్లె వంటి గ్రామములలో, ఎండకు బీటలువారిన నేలపై తొలకరి జల్లు కురిసిన సాయంకాలమున, పుట్టలనుండి రెక్కల చీమలు గుంపులు గుంపులుగా వెలువడి గాలిలోని కెగురును. ఆ వేళనే దీపముచుట్టు మూగెడి ఉసుళ్ళను గూడ మనము చూతుము. ఉసుళ్ళు చెదపురుగుల జాతికి చెందినవి. అవి చీమలు కావు. రెక్కల చీమలలో సాధారణముగా పెద్దవి ఆడచీమలు, చిన్నవి మగచీమలు. ఆడచీమ నేలకు దిగి, తన రెక్కలను తానే రాల్చుకొని, తడిమంటిలో దూరి కనుమరుగగును.

అటుపిమ్మట దాని గతి యేమి? అది ఒంటరిగా ఒక కొత్త పుట్టను నెలకొల్పగలదా? లేక పనిచీమల సాయము దొరకక నశించునా? ఈ ప్రశ్న యొకప్పుడు శాస్త్రజ్ఞులకు సైతము సందేహముగనే యుండెను. ఓర్పుతో కనిపెట్టి చూచి, ఆ సందేహమును తీర్చినవారిలో జాన్ లబ్బక్ ముఖ్యుడు.

లబ్బక్ 1834 వ సంవత్సరము ఏప్రిల్ 30 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి గణితమునందును ఖగోళశాస్త్రమునందును ప్రవీణుడు. పైగా బ్యాంకు యజమాని. 1842 లో ఒకనాడు తండ్రి యింటికి వచ్చి, మంచి వార్త యొకటి తెచ్చితినని కుమారునితో చెప్పెను. తనకొక చిన్న గుఱ్ఱమును కొని యిత్తురని ఎనిమిదేండ్ల బాలుడు ఆశపడెను. వార్త మాత్రము వేరు. చార్లెస్ డార్విన్ అను ప్రకృతి శాస్త్రవేత్త తమ యింటికి సమీపముననున్న డౌన్ గ్రామమునకు కాపురము వచ్చుచున్నాడట! బాలుడు అప్పుడు నిరుత్సాహపడెను గాని, ఆ పొరుగువాని రాక వేయి గుఱ్ఱములకంటె విలువైనదని కొలదికాలముననే గ్రహించెను. డార్విన్ వానిని చేరదీసి, సూక్ష్మదర్శినితో చిన్న ప్రాణులను పరిశీలించుట కలవాటు చేసెను.

ఈ చదువు సాగుచుండగనే లబ్బక్ పాఠశాలను విడువవలసి వచ్చెను. పదునాలుగేండ్ల వయసులోనే తండ్రి ఆయనను బ్యాంకు పనిలో ప్రవేశపెట్టెను. విశ్వవిద్యాలయమున చదువు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఐనను ఆయన దిగులుపడి కూర్చుండలేదు. పగలు బ్యాంకు లెక్కలు చూచుకొనుచు, ప్రాతఃకాలమునను రాత్రులందును చదువునకును పరిశీలనకును కాలము కేటాయించుకొనెను. 1858 లో, ఇరువదినాలుగేండ్లకే, రాయల్ సొసైటీ సభ్యత్వము ఆయనకు లభించెను.

లబ్బక్ చీమలను పెంచిన తీరు తెలిసికొనదగినది. సుమారు పది అంగుళముల చదరమైన రెండు గాజు పలకలను తీసికొని, చీమ నిలువగలిగినంత సందు మాత్రమే వానినడుమ నుండునట్లు అమర్చి, ఆ సందున మెత్తని మన్ను నింపి తడిపెడివాడు. చీమలు ఆ మంటిలో తమ గదులను, దారులను తొలుచుకొనెడివి. వానికి చీకటి యిష్టము కనుక గాజుపై మూత వేసి, చూడవలసినపుడు మాత్రమే తీసెడివాడు. చీమలు పారిపోకుండ చుట్టును నీటి కాలువ నేర్పరచెడివాడు. మన యిండ్లలో బెల్లపు గిన్నెను నీటి పళ్ళెరములో నుంచుట చీమలు లోనికి రాకుండుటకు. ఆయన నీరు పెట్టినది చీమలు వెలుపలికి పోకుండుటకు! ఒక్కొక్క చీమకు రంగు చుక్క పెట్టి, దాని రాకపోకలను గడియారము చూచి వ్రాసికొనెడివాడు. ఒక చీమ ఉదయమునుండి రాత్రి వరకు ఎడతెగక పనిచేసి, 187 పిల్లపురుగులను పుట్టకు మోసికొనిపోయినట్లు ఆయన లెక్కించెను.

ఇక రాణిచీమల సంగతి. మొదట లబ్బక్, రాణి లేని పుట్టలోనికి పరాయి రాణిని వదలి చూచెను. పనిచీమలు దానిపైబడి హింసించినవి. మరల మరల ప్రయత్నించినను ఫలితము మారలేదు. పనిచీమలు కొత్త రాణిని ఆదరించి పుట్టను కట్టునను అభిప్రాయమునకు ఇది అనుకూలముగా లేదు. అట్లయిన రాణి తానొక్కతెయే బిడ్డలను పెంచవలెను. అది సాధ్యమా?

1876 ఆగష్టు 14 వ తేదీన తన తోటలో ఎగురుచున్న మిర్మికా రూజినోడిస్ అను ఎఱ్ఱచీమల జంటలను రెండింటిని పట్టి, తడిమన్ను, ఆహారము, నీరు అమర్చి వేరుగా ఉంచెను. పనిచీమ ఒక్కటియు వానితో లేదు. శరత్తు గడచెను; మంచుకాలము గడచెను; గ్రుడ్డు ఒక్కటైనను కనబడలేదు. సామాన్యముగా మగచీమలు కొలది దినములకే మరణించును. ఈ రెండు మగచీమలు మాత్రము చలికాలమంతయు బ్రతికి, ఒకటి ఏప్రిలులోను, రెండవది మే నడుమను మరణించినవి.

1877 ఏప్రిల్ 12 కును 23 కును నడుమ తొలి గ్రుడ్లు కనబడెను. జూన్ మొదటి వారమున అవి పొదిగి పిల్లపురుగులు వెలువడెను. జూన్ 27 న ఒక పురుగు, కదలక మెదలక యుండు ప్యూపాదశను చేరెను. జూలై 15 న ఒక ప్యూపా గోధుమరంగునకు తిరుగజొచ్చెను. జూలై 22 న మొదటి పనిచీమ బయటికి వచ్చెను. రాణిని పట్టి తెచ్చిన దినమునుండి లెక్కించిన, పదునొకండు మాసములకు పైబడి నిరీక్షించిన పిదప దక్కిన ఫలితమిది. మూడుదినములు గడచునప్పటికి ఆ పసి చీమ తన చెల్లెండ్రగు పిల్లపురుగులను మోయుచుండుట లబ్బక్ కంటబడెను. తల్లి యొక్కతెయే ఆరంభించిన సంసారమును కూతురు అందుకొనెను. పనిచీమల తోడు లేకయే రాణి పుట్టను నెలకొల్పగలదని ఇట్లు ఋజువయ్యెను.

ఈ విషయమున మనకు నేడు మరికొంత తెలిసినది. మన దేశపు గండుచీమల వంటి పెక్కు జాతులలో రాణి మంటిలో చిన్న గది తొలిచి, ద్వారము మూసికొని, తొలి బిడ్డలు పెరుగువరకు ఆహారమే ముట్టదు. ఇక పనికిరాని రెక్కల కండరములు దాని దేహముననే కరగి, ఆ సారమే బిడ్డల కాహారమగును. తల్లి తన ఎగురు శక్తిని బిడ్డలకు భోజనముగా మార్చుచున్నదన్నమాట. అందుచేతనే తొలి పనిచీమలు మిక్కిలి చిన్నవిగా నుండును. పక్షులకును, బల్లులకును, ఇతర చీమలకును ఎర గాక మిగిలిన ఏ కొలది రాణులో ఇట్లు పుట్టలను నిలుపును.

1874 లో లబ్బక్ తెచ్చిన ఒక రాణిచీమ 1888 వరకు ఆయనయొద్ద జీవించెను. చీమ అంతకాలము బ్రతుకునని అంతకుముందు ఎవరును ఊహించి యుండలేదు. మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను చీమలు గుర్తించునని గూడ ఆయన కనుగొనెను. ఈ పరిశోధనలను 1882 లో చీమలు, తేనెటీగలు, కందిరీగలను గూర్చిన గ్రంథముగా ప్రకటించెను.

చీమల శ్రమను అంతగా చూచినవాడు మనుష్యుల శ్రమను మరువలేదు. 1870 లో పార్లమెంటు సభ్యుడై, మరుసటి యేటనే బ్యాంకు సెలవుల చట్టమును చేయించి, పనివారికి విశ్రాంతి దినములను సమకూర్చెను. ప్రాచీన కట్టడములను కాపాడు చట్టము 1882 లో ఆయన కృషివలననే వచ్చినది. పాత రాతియుగము, కొత్త రాతియుగము అని నేడు మనము చరిత్రలో చదువు విభాగమునకు తగిన పేర్లను 1865 లో కల్పించినది గూడ ఆయనయే. 1913 మే 28 న లబ్బక్ పరమపదించెను.

విద్యార్థులారా! లబ్బక్ వాడిన సాధనములలో రెండు గాజు పలకలును, పిడికెడు మన్నును, గడియారమును ముఖ్యమైనవి. వానికంటె గొప్ప సాధనము ఆయన ఓర్పు. గ్రుడ్డైనను కనబడని ఎనిమిది నెలలలో విసిగి ఆ మన్నును పారబోసియున్నచో, ఆ సత్యము ఆయన చేతికి చిక్కియుండెడిది కాదు. ఈసారి తొలకరి జల్లు వెలిసినపుడు రెక్కలు రాల్చుకొని నేలను వెదకుచు పోవు చీమ మీకు కనబడినచో, దానిని కాలితో నలుపక, ఒక్క క్షణము నిలిచి చూడుడు. ఒక రాజ్యమంతయు ఆ చిన్న దేహములో దాగియున్నది.