మాటల మూలాలు వెదకిన ఎల్లిస్

మనుషులకు వంశాలున్నట్లే మాటలకూ వంశాలున్నాయి. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఏ మాటకు చుట్టం అని విచారించే శాస్త్రాన్ని వ్యుత్పత్తి శాస్త్రం అంటారు. తెలుగు మాటల వంశాన్ని ఇలా విచారించిన తొలి పాశ్చాత్యులలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ముఖ్యుడు.

ఎల్లిస్ 1777లో జన్మించాడు. 1796లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చాడు. తమిళం, తెలుగు, సంస్కృతం శ్రద్ధగా నేర్చుకున్నాడు. 1810లో మద్రాసు కలెక్టరయ్యాడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో సెంట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. దాని స్థాపనకు ఆయనే ప్రధాన కారకుడు.

ఆ రోజుల్లో దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుండే పుట్టాయని పలువురు పండితులు నమ్మేవారు. తెలుగులో సంస్కృత పదాలు కోకొల్లలుగా ఉండడమే అందుకు కారణం. ఎల్లిస్ ఆ మాటను పరీక్షించకుండా అంగీకరించలేదు. కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను సంస్కృత ధాతువులతో పోల్చాడు. అవి కలవలేదు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన ఉంచి చూశాడు. అవి తోబుట్టువుల ముఖాలవలె కలిశాయి. సంస్కృత పదాలు తెలుగులో వచ్చి చేరినవే గాని, తెలుగు వాటి నుండి పుట్టలేదని ఆయన తేల్చాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన లాక్షణికులు చేసిన విభజన ఆయనకు దారి చూపింది. ఈ సిద్ధాంతం 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణంలో పీఠికకు అనుబంధంగా అచ్చయింది. కాల్డ్వెల్ రచించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ఆ తరువాత 40 ఏళ్లకు, 1856లో వెలువడింది.

నలభై ఏళ్లు నిండేదాకా గ్రంథాలు ప్రకటించరాదని ఎల్లిస్ నియమం పెట్టుకున్నాడంటారు. ఆ వయస్సు దాటిన కొద్ది కాలానికే, 1819లో, రామనాథపురంలో అకాలమరణం పొందాడు. ఆయన వ్రాతప్రతులలో చాలా భాగం నశించిపోయాయి. అందువల్ల ఆయన కృషి చాలాకాలం మరుగున పడింది.

విద్యార్థులారా! మన 'కన్ను' తమిళంలో 'కణ్', కన్నడంలో 'కణ్ణు'. మన 'చెవి' కన్నడంలో 'కివి'. మహారాష్ట్రలో వినిపించే గోండి, ఒడిశాలో వినిపించే కువి కూడా ఈ కుటుంబంలోనివే. ఇరుగుపొరుగు వారి మాటలను చెవియొగ్గి వినండి. మీ ఇంటి మాటకు చుట్టాలు అక్కడ కనిపిస్తాయి.