వాన లెక్కల దొర సర్ గిల్బర్ట్ వాకర్

మన రాయలసీమ పల్లెల్లో పాతతరం పెద్దలు ఏ గడ్డు రోజులు వచ్చినా ధాత కరువుతో పోల్చి చెప్పుకునేవారు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన ఆ కరువు 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలను పీల్చి పిప్పి చేసింది. లక్షల సంఖ్యలో జనం మాడి చనిపోయారు. వాన రాదని ముందుగా తెలిస్తే ధాన్యమైనా నిలవ చేసుకోవచ్చు కదా అన్న ఆలోచన అప్పటి ప్రభుత్వానికి గట్టిగా కలిగింది. 1875లో కలకత్తాలో పెట్టిన వాతావరణ శాఖ నెత్తిన ఈ బరువు పడింది.

ఆ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల మీద శీతకాలంలో మంచు ఎక్కువ పడితే ఆపై నైరుతి వానలు తగ్గుతాయని ఆయన గమనించి, 1886లో తొలిసారి దేశానికంతటికీ ముందస్తు అంచనా ప్రకటించారు. ఆయన తరువాత వచ్చిన జాన్ ఇలియట్ అంచనాలను ఇంకా విస్తరించారు. కానీ 1899లో వానలు బాగా కురుస్తాయని ఆయన చెప్పిన ఏడాదే ఘోరమైన అనావృష్టి వచ్చిపడింది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఆ తరువాత కొన్నేళ్ళు ఈ అంచనాలను బయటకు పొక్కనివ్వకుండా గోప్యంగా ఉంచవలసి వచ్చింది.

ఇటువంటి కుర్చీలో 1904 జనవరిలో కూర్చున్నవారు గిల్బర్ట్ థామస్ వాకర్ గారు. ఆయన 1868 జూన్ 14న ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో జన్మించారు. తండ్రి ఇంజనీరు. కేంబ్రిడ్జిలో 1889లో గణితంలో అందరికన్నా మొదటివాడిగా నిలిచారు. చదువు భారంతో ఆరోగ్యం చెడి, మూడు శీతకాలాలు స్విట్జర్లాండులో గడిపి, అక్కడ మంచు మీద స్కేటింగ్ నేర్చుకున్నారు. విసిరితే తిరిగి చేతికి వచ్చే ఆస్ట్రేలియా ఆదివాసుల బూమరాంగ్ మీద గణిత పరిశోధన చేసి 1897లో ప్రచురించారు. దానిని కేంబ్రిడ్జి మైదానాలలో విసురుతూ ఉండడం వల్ల మిత్రులు ఆయనకు బూమరాంగ్ వాకర్ అని పేరు పెట్టారట. పిల్లనగ్రోవి అంటే ప్రాణం. ఇన్ని తెలిసిన ఆయనకు తెలియనిది ఒక్కటే, వాతావరణ శాస్త్రం. సొంత శాఖ పనిలో అనుభవం లేని వ్యక్తిని పై స్థాయిలో నియమించడం మనం మన సర్వీసులో చూడనిది కాదు గానీ, ఈ నియామకం మాత్రం దేశానికి మేలే చేసింది.

ఎందుకంటే గాలులు ఎందుకు అలా వీస్తాయో సూత్రం వ్రాసి చెప్పే స్థితి ఆ రోజుల్లో ఎవరికీ లేదని ఆయన త్వరలోనే గ్రహించారు. సూత్రం దొరికేదాకా కూర్చోకుండా లెక్కలు చూద్దామన్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడ వాయుపీడనం, వర్షం, ఉష్ణోగ్రత నమోదు చేస్తున్నారో ఆ అంకెలన్నీ తెప్పించారు. మారిషస్‌లో పీడనం, జాంజిబార్‌లో వాన, దక్షిణ అమెరికాలో పీడనం, హిమాలయాల మీద మంచు, వీటిలో దేనికీ మన నైరుతి వానకూ పొత్తు ఉందో సహసంబంధ గుణకం అనే లెక్కతో తేల్చసాగారు. రెండు విషయాలు కలిసి నడిస్తే గుణకం ఒకటికి దగ్గరగా ఉంటుంది, ఎదురెదురుగా నడిస్తే మైనస్ ఒకటికి దగ్గరగా ఉంటుంది, పొత్తు లేకపోతే సున్నాకు చేరుతుంది.

చెప్పడం తేలిక. ఒక్కొక్క గుణకానికి ముప్పై, నలభై ఏళ్ళ అంకెలు తీసుకుని, సగటు కట్టి, తేడాలు వ్రాసి, గుణించి, వర్గమూలాలు తీయాలి. కంప్యూటరు లేని కాలం. ఆ పని సిమ్లా ఆఫీసులోని భారతీయ సిబ్బంది చేతివ్రాతతో చేశారు. వేలకొద్దీ గుణకాలు. నా సర్వీసులో కొన్నాళ్ళు తాలూకా కచేరీలో ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి, మిల్లీమీటర్లు రిజిస్టరులో ఎక్కించి జిల్లాకు పంపే పని నా వంతుకు వచ్చింది. చినుకు పడని రోజు కూడా సున్నా వేసి సంతకం చేయవలసిందే. ఆ సున్నాలు ఎవరికి పనికివస్తాయని తోటి గుమాస్తాలు నవ్వేవారు. వాకర్ గారికి పనికివచ్చినవి అలాంటి రిజిస్టర్లే.

ఆయన జాగ్రత్త కూడా చెప్పుకోదగినది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఎన్ని తూముల వర్షమో, అందులో సముద్రానికెంత, కొండలకెంత, నేలకెంత అని వింటాం. వందమంది వంద రకాలుగా చెబితే ఎవరిదో ఒకరిది నిజం కాక తప్పదు. అలాగే వందలాది గుణకాలలో పెద్దది ఒకటి ఏరుకుంటే అది కేవలం కాకతాళీయం కావచ్చని, దానిని నమ్మడానికి మామూలుకంటే గట్టి పరీక్ష కావాలని ఆయన 1914లోనే లెక్కకట్టి చూపించారు. అడవులు నరకడం వల్లనో కాలువలు త్రవ్వడం వల్లనో మన దేశపు వర్షపాతం శాశ్వతంగా మారిపోయిందన్న వాదాన్ని 1910లో అంకెలతో పరిశీలించి, అందుకు ఆధారం లేదన్నారు. 1914లో ఆగ్రాలో బెలూన్లు ఎగరవేసి పై గాలులను కొలిచే కేంద్రం వెలసినదీ ఆయన హయాంలోనే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1913 ఫిబ్రవరిలో వాకర్ గారు మద్రాసు వచ్చినప్పుడు, పోర్టు ట్రస్టు అధ్యక్షులు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తమ ఆఫీసు అకౌంట్సు గుమాస్తా ఒకరి గణిత కాగితాలు ఆయనకు చూపించారు. నెలకు ముప్పై రూపాయల జీతగాడు. వాకర్ గారు మరునాడే విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు జాబు వ్రాసి, ఈ యువకుడు కొన్నేళ్ళు జీవనోపాధి చింత లేకుండా గణితం చేసుకునే ఏర్పాటు చేయాలని సిఫారసు చేశారు. నెలకు 75 రూపాయల వేతనం మంజూరయింది. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఫైలు మీద ఒక పెద్ద అధికారి సకాలంలో వ్రాసిన నోటుకు ఎంత బలముంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయం. ఆ వేల గుణకాల రాశిలో వాకర్ గారికి ఒక వింత కనిపించింది. పసిఫిక్ మహాసముద్రం మీద పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగుతుంది. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు త్రాసు పళ్ళేలు కొన్నేళ్ళకోసారి అటూ ఇటూ ఊగుతున్నట్లు. దీనికి ఆయన 1924లో దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. అదే ఏడాది, 56వ ఏట, భారత సర్వీసు నుండి పదవీ విరమణ చేశారు. సర్ బిరుదూ అప్పుడే వచ్చింది. విరమణ అంటే విశ్రాంతి అనుకోలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పదేళ్ళు వాతావరణ శాస్త్ర ఆచార్యులుగా ఉండి, ఆ తరువాత కూడా 1937 దాకా ప్రపంచ వాతావరణం మీద పత్రాలు ప్రకటించారు.

అయితే, దేనికోసం ఆయనను నియమించారో ఆ పని మాత్రం పూర్తిగా చేతికి చిక్కలేదు. బాగా పనిచేసిన గుణకాలు కొన్నేళ్ళకు బలహీనపడేవి. కారణం చెప్పలేని లెక్కలేమి లెక్కలని పండితులు పెదవి విరిచారు. ఆయన శిష్యతరం వాడు, శాఖాధిపతిగా పనిచేసిన నార్మండ్ 1953లో ఒక చమత్కారమైన విషయం తేల్చారు: ఇతర దేశాల వాతావరణం చూసి మన నైరుతిని చెప్పడం కన్నా, మన నైరుతిని చూసి ఇతర దేశాల రాబోయే వాతావరణం చెప్పడం సులువు. వాకర్ గారు 1958 నవంబరు 4న, 90వ ఏట కన్నుమూశారు. ఆయన ఆశించినట్లు ఈ పని ప్రపంచ వాతావరణ సిద్ధాంతానికి దారితీస్తున్నట్లు లేదని రాయల్ వాతావరణ సంఘం పత్రికలో సంతాప వ్యాసం వ్రాసినవారు అభిప్రాయపడ్డారు.

పదేళ్ళు గడిచాయి. పెరూ తీరంలో క్రిస్మస్ నాటికి సముద్రం వేడెక్కడాన్ని అక్కడి జాలరులు బాల యేసు పేర ఎల్‌నినో అనేవారు. అమెరికాలో స్థిరపడిన నార్వే శాస్త్రవేత్త జాకబ్ బియర్క్‌నెస్ 1960లలో ఆ వేడి నీటికీ వాకర్ త్రాసుకూ ఉన్న లంకెను పట్టుకున్నారు. తూర్పు పసిఫిక్ చల్లగా, పడమర వెచ్చగా ఉన్నప్పుడు పడమట గాలి పైకి లేచి, తూర్పున దిగి, నీటి మీదుగా మళ్ళీ పడమరకు వీస్తుంది. తూర్పు వేడెక్కితే ఈ చక్రం సడలుతుంది, మన వైపు గాలి దిగబడి వాన బిగుస్తుంది. 1969లో ఆయన ఆ గాలి చక్రానికి వాకర్ ప్రసరణ అని పేరు పెట్టారు. వెనక్కి చూస్తే 1877, 1899 కరువులు రెండూ ఎల్‌నినో నాటివే.

ఇంత తెలిసినా వాన పూర్తిగా మన చేతికి రాలేదు. 1997లో చాలా పెద్ద ఎల్‌నినో వచ్చినా దేశంలో వర్షం సగటును మించింది. 2002లో మామూలు వానలన్న అంచనా తప్పి దాదాపు ఐదోవంతు లోటు వచ్చింది. 2023లో ఎల్‌నినో ఉండగా 94 శాతం కురిసింది, ఆగస్టు మాత్రం 1901 తరువాత ఎన్నడూ లేనంతగా ఎండిపోయింది. వాతావరణ శాఖ ఏటా ఏప్రిల్‌లో ఇచ్చే తొలి అంచనాలో పసిఫిక్ సముద్రపు వేడి ప్రస్తావన తప్పనిసరిగా ఉంటుంది.