పల్వంకర్ బాలూకు దక్కని సారథ్యం

ప్రతిభ ఉంటే కులం అడ్డురాదన్న వాదన మన విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాల సమయంలోనూ, నియామకాల ప్రకటన వెలువడినప్పుడూ తప్పక వినిపిస్తుంది. ఈ వాదనను చరిత్రలో పరీక్షించి చూడాలంటే ప్రతిభను అందరి కళ్లెదుటా కొలవగల రంగం ఒకటి కావాలి. క్రీడారంగం అటువంటిది. వికెట్ పడిందో లేదో తేల్చడానికి ఇంటర్వ్యూ బోర్డు అక్కరలేదు. ఆ మైదానంలో సుమారు నూట పాతికేళ్ల కిందట ఒక అస్పృశ్య యువకుడు దేశంలోనే మేటి బౌలర్‌గా నిలిచాడు. ఆయన పేరు పల్వంకర్ బాలూ. పూనా ఒప్పందంపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరన్న సంగతి, అయిదేళ్ల తర్వాత ఎన్నికల్లో డాక్టర్ అంబేడ్కర్‌కు ప్రత్యర్థిగా నిలిచారన్న సంగతి మన రాజకీయ చర్చల్లో అరుదుగా వినబడతాయి.

బాలూ 1876లో ధార్వాడ్‌లో చమార్ కుటుంబంలో జన్మించారు. తోలుపని కులవృత్తిగా గల ఆ కులాన్ని నాటి సమాజం అంటరానిదిగా చూసేది. తండ్రి సైన్యంలో కొలువు చేసేవారు. పుణెలో సైనికాధికారులు వాడి పారేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, తమ్ముడు శివరామ్ క్రికెట్ నేర్చుకున్నారు. బాలూ మొదటి ఉద్యోగం ఒక పార్సీ క్రికెట్ క్లబ్బులో. పిచ్ ఊడ్చి, రోలర్ లాగినందుకు నెలకు 3 రూపాయల జీతం. 1892లో యూరోపియన్ల పూనా క్లబ్బుకు మారాక అది 4 రూపాయలైంది. నెట్లు కట్టడం, టెన్నిస్ కోర్టులకు గీతలు గీయడం కూడా అక్కడ ఆయన పనే.

ఆ క్లబ్బులోని ఆంగ్ల ఆటగాళ్లకు సాధన చేసేందుకు బంతి వేసేవాడొకడు కావలసి వచ్చింది. అలా బాలూ చేతికి బంతి వచ్చింది. నాటి ప్రసిద్ధ బ్యాట్స్‌మన్ జె.జి. గ్రెగ్ గంటల తరబడి ఆయన ఎడమచేతి స్పిన్‌ను ఎదుర్కొనేవాడు. తనను ఔట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అయితే ఆ నెట్లలో బాలూకు బ్యాటు పట్టే అవకాశం మాత్రం ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల ఆట, బౌలింగ్ శ్రమ. ఆంగ్లేయుల వర్గవ్యవస్థ, మన కులవ్యవస్థ ఈ ఒక్క విషయంలో చక్కగా కలిసిపోయాయి.

పుణె హిందూ క్లబ్బుకు యూరోపియన్లను ఓడించాలన్న కోరిక బలంగా ఉండేది. అందుకు బాలూ అవసరమయ్యారు. జట్టులోని కొందరు బ్రాహ్మణ ఆటగాళ్లు అభ్యంతరం చెప్పినా, గెలుపు మీద ఆశ వారిని ఒప్పించింది. మైదానంలో బాలూ వేసిన బంతినే అందరూ ముట్టుకునేవారు. విరామ సమయంలో తోటివారు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే, బాలూకు మాత్రం బయట మట్టిపాత్రలో ఇచ్చేవారు. భోజనం విడిగా, వేరే పళ్లెంలో. చేతిలోని బంతికి లేని మైల, పెదవికి తాకే పాత్రకు ఎలా వచ్చిందో ఎవరూ వివరించలేదు. ఆచారం తనను తాను వివరించుకోవలసిన అవసరం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుంది?

పుణెలో ప్లేగు వ్యాపించిన రోజుల్లో బాలూ బొంబాయి చేరారు. బొంబాయి బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వేలో ఉద్యోగం, హిందూ జింఖానాలో స్థానం లభించాయి. నాటి బొంబాయి క్రికెట్‌లో జట్లు మతాల వారీగా ఉండేవి. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, 1912 నుంచి ముస్లింలు. 1906లో హిందూ జట్టు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించింది. బాలూ, శివరామ్ ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. 1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన అఖిల భారత జట్టు ఆడిన పోటీల్లో అధికభాగం ఓడిపోయింది. బాలూ మాత్రం ఆ ఒక్క పర్యటనలోనే 114 వికెట్లు తీశారు. ఆయన తిరిగివచ్చినప్పుడు అణగారిన కులాల వారు దాన్ని తమ విజయంగా భావించారు. అప్పటికి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుతున్న, ఆయన కన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన అంబేడ్కర్ కూడా ఆయన అభిమానుల్లో ఒకరు.

ఇక సారథ్యం ప్రశ్న వచ్చింది. 1910 తర్వాత హిందూ జట్టులో బాలూకు మించిన అనుభవం, ఘనత గల ఆటగాడు లేరు. అయినా ఏటేటా నాయకత్వం అగ్రకులాల వారికే దక్కింది. కెప్టెన్‌గా ఉన్న ఎం.డి. పాయ్ సైతం ఆ గౌరవం బాలూకు చెందవలసిందని బహిరంగంగా అంగీకరించారు. 1920లో వ్యవహారం మరింత వికటించింది. పాయ్ అస్వస్థులైతే సారథ్యాన్ని బాలూ కన్నా ఎంతో చిన్నవాడైన డి.బి. దేవ్‌ధర్‌కు ఇచ్చారు. బాలూను జట్టు నుంచే తప్పించారు. అప్పుడు తమ్ముళ్లు శివరామ్, విఠల్ ఆ జట్టులో ఆడబోమని తప్పుకున్నారు. కులవివక్షే అందుకు కారణమని పత్రికా ప్రకటనలో స్పష్టం చేశారు. వారికి ప్రజల మద్దతు లభించింది. ఫైనల్‌కు సోదరులందరినీ తిరిగి తీసుకున్నారు. బాలూను ఉపసారథిని చేశారు. పాయ్ కొంతసేపు మైదానం వీడి, బాలూ జట్టును నడిపించేందుకు వీలు కల్పించారు. దశాబ్దంన్నర సేవకు బాలూకు దక్కిన నాయకత్వం ఆ కాసేపే. 1923లో విఠల్ పూర్తిస్థాయి కెప్టెన్ అయ్యారు. ఆ ఏడాది హిందువులే విజేతలు.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. ప్రతిభ బాలూను మైదానం లోపలికి తెచ్చింది. లోపలికి వచ్చాక ఆయన తీసిన వందల వికెట్లు ఆయనను నాయకుణ్ణి చేయలేకపోయాయి. ఆ తలుపును కదిలించింది ఇద్దరు తమ్ముళ్ల సామూహిక నిరాకరణ, ఆ నాటికి దేశంలో బలపడుతున్న అస్పృశ్యతా వ్యతిరేక చైతన్యం.

మన తెలుగువారికి ఈ జట్టుతో ఒక అనుబంధం ఉంది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు 1916లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టింది ఈ హిందూ జట్టు తరఫునే. 1932 జూన్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు ఆయన సారథి. ఆ విజయగాథ మనకు తెలుసు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బాలూ పేరు వేరొక చోట కనిపిస్తుంది.

ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. దానికి వ్యతిరేకంగా గాంధీజీ సెప్టెంబర్ 20న ఎరవాడ జైలులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. ఉమ్మడి నియోజకవర్గాల పక్షాన నిలిచిన బాలూ, మద్రాసుకు చెందిన ఎం.సి. రాజాతో కలిసి రాజీ యత్నాల్లో పాల్గొన్నారు. సెప్టెంబర్ 24న కుదిరిన ఒప్పందంపై సంతకం చేశారు. మట్టిపాత్రలో టీ తాగిన పుణె నగరంలోనే ఆయన ఆ సంతకం పెట్టడం చరిత్రలోని వైచిత్రి.

బాలూ అలా ఎందుకు ఆలోచించారన్నది అర్థం చేసుకోదగినదే. ఆయన జీవితంలో ప్రతి అవమానం వెనుకా, ఆలస్యంగానైనా, ఒక సవరణ వచ్చింది. పెవిలియన్ బయట నిలబెట్టిన సమాజమే కొన్నేళ్లకు పూలదండలు వేసింది. తనకు దక్కని సారథ్యం తమ్ముడికి దక్కింది. హిందూ సమాజం లోపల ఉండే దాన్ని మార్చవచ్చన్న నమ్మకం ఆయనకు అనుభవం నుంచి వచ్చింది. అదే అనుభవాన్ని అంబేడ్కర్ రాజకీయ దృష్టితో చూస్తే తేలేది వేరు. ఎదుటి మతాలతో పోటీపడేటప్పుడు బాలూ హిందువుగా లెక్కకు వచ్చారు. నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు అస్పృశ్యుడిగా మిగిలారు. ఉమ్మడి నియోజకవర్గంలోనూ దళితుల సంఖ్య హిందువుల ఖాతాలో చేరుతుంది, వారి ప్రతినిధి ఎవరో మెజారిటీ ఓటు నిర్ణయిస్తుంది. హిందూ క్రికెట్ జట్టు ఈ వ్యవస్థకు ఒక చిన్న నమూనా.

1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో ఆ నమూనా నిజరూపం దాల్చింది. స్వతంత్ర లేబర్ పార్టీ స్థాపించి బరిలో దిగిన అంబేడ్కర్‌పై కాంగ్రెస్ నిలబెట్టిన అభ్యర్థి బాలూ. అంబేడ్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి. జట్టు పగ్గాలు ఇవ్వడానికి తటపటాయించిన సమాజపు పెద్దలు, స్వతంత్ర దళిత నాయకత్వాన్ని నిలువరించవలసి వచ్చినప్పుడు ఆయన కీర్తిని వాడుకోవడానికి తటపటాయించలేదు. బాలూ చిత్తశుద్ధిని ఇందులో శంకించనక్కరలేదు. రెండుసార్లూ నిర్ణయం చేసింది ఎవరన్నదే అడగాలి.

బాలూ 1955 జులై 4న కన్నుమూశారు. రామచంద్ర గుహ వంటి చరిత్రకారుల పరిశోధన వల్ల ఆయన జ్ఞాపకం కొంతవరకు వెలుగులోకి వచ్చింది. ఆయనను ద్రోహిగానో, కేవలం బాధితుడిగానో చూడటం అన్యాయం. ప్రతిభ ఒక్కటే చాలంటున్నవారికి ఆయన జీవితం గట్టి సమాధానం. రిజర్వేషన్లు నేడు తరగతి గదిలోకి, కార్యాలయంలోకి దారి ఇచ్చాయి. ఎంపిక సంఘాల్లో, పరిశోధన పర్యవేక్షణలో, పార్టీ టికెట్లు పంచే గదుల్లో ఎవరు కూర్చుంటున్నారో లెక్క తీస్తే, బాలూ అడగవలసి వచ్చిన ప్రశ్న ఇంకా మన ముందే ఉందని తెలుస్తుంది.