పునీత హుబెర్టు - నెత్తుటి జాడ పట్టే కుక్కలు

నవంబరు 3న స్మరించుకునే పునీత హుబెర్టు పటం మీరెప్పుడైనా చూశారా? అడవి నడుమ మోకరించిన వేటగాడు, ఎదుట ఒక దుప్పి, దాని కొమ్ముల మధ్య మెరిసే స్లీవ. పక్కనే కుక్కలు. మన చూపు దుప్పి దగ్గరే ఆగిపోతుంది. ఈ వారం ఆ కుక్కల వైపు కూడా చూద్దాం.

హుబెర్టు ఏడవ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో గొప్పింట పుట్టారు. వేటంటే ప్రాణమట. ఒక పవిత్ర శుక్రవారం అందరూ దేవాలయానికి వెళుతుంటే ఈయన కుక్కలతో అడవికి పోయారని, తరిమిన దుప్పి ఆగి వెనుదిరిగిందని, కొమ్ముల నడుమ స్లీవను చూసి ఆయన మారుమనస్సు పొందారని కథ. నిజం చెప్పుకోవాలి. ఆయన పోయిన కొద్దికాలానికే వ్రాసిన జీవిత చరిత్రలో ఈ దుప్పి లేదు. పునీత యుస్తాసు గురించి ముందునుంచీ చెప్పుకునే కథే మధ్యయుగాల చివర ఈయనకు వచ్చి చేరింది. అంతమాత్రాన మీ ఇంట్లో పటం ఉంటే తీసేయనక్కరలేదు!

చరిత్రకు తెలిసిన హుబెర్టు కాపరి. మాస్ట్రిక్ట్ పీఠాధిపతి పునీత లాంబెర్టు లియేజిలో హతులైన తరువాత ఆ బాధ్యత ఈయన మీద పడింది. లాంబెర్టు అవశేషాలను లియేజికి తెచ్చి అక్కడ దేవాలయం కట్టించారు. నేటి బెల్జియంలోని ఆర్డెన్ అడవుల్లో సువార్త ప్రకటించి, 727 మే 30న కన్నుమూశారు. 825లో ఆయన దేహాన్ని ఆర్డెన్‌లోని ఒక మఠానికి తరలించారు. ఆ ఊరికి ఆయన పేరే స్థిరపడింది. పిచ్చికుక్క కరిచినవారు అక్కడికి యాత్ర వెళ్ళేవారు. 1885లో పాశ్చర్ టీకా వచ్చింది కనుక, మీ పిల్లలను కుక్క కరిస్తే ప్రార్థనతోపాటు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఆ మఠవాసులు పెంచిన వేటకుక్కలకూ పునీతుని పేరే వచ్చింది. వేలాడే చెవులు, ముడతలు పడ్డ ముఖం. పరుగులో గొప్పవి కావు, కానీ వాసన పట్టడంలో వాటికి సాటి అరుదు. అందుకే వాటిని గుంపుగా వదలక, పొడవాటి తాడు కట్టి ఒక మనిషి వెంట నడిపేవారు.

ఇలాంటి కుక్కల అసలు విలువ దెబ్బ తగిలాక తెలుస్తుంది. బాణమో గుండో తగిలిన దుప్పి ఎప్పుడూ అక్కడికక్కడే పడిపోదు. పొదల్లోకి దూరి, ఎక్కడో ఒంటరిగా గంటల తరబడి బాధపడుతుంది. వెంటనే తరిమితే ఇంకా దూరం పారిపోతుంది. అందుకని కొంతసేపు ఆగి, దెబ్బ తగిలిన చోటికి కుక్కను తెస్తారు. అది నేలమీది నెత్తురును, వెంట్రుకలను వాసన చూస్తుంది. నెత్తుటి చుక్కలు ఆగిపోయినా అది ఆగదు. దుప్పి గిట్టల మధ్యనున్న గ్రంథుల వాసన అడుగడుగునా నేలకంటుతుంది. శిక్షణ పొందిన కుక్క ఆ ఒక్క దుప్పి వాసననే పట్టుకుని, మధ్యలో వేరే మంద దాటిపోయినా దారి తప్పకుండా వెళుతుంది. మరునాడైనా సరే. తాడు పట్టుకున్నవాడు ముళ్ళలో, బురదలో దాని వెనుకే నడవాలి. దొరికేసరికి దుప్పి ప్రాణంతో ఉంటే ఆలస్యం చేయకుండా దాని బాధ ముగిస్తారు.

మన దేశంలో 1972 నాటి చట్టంతో అడవి జంతువుల వేట నేరమైంది, కాబట్టి ఇది మనకు వింతగా తోచవచ్చు. వేట సాగుతున్న జర్మనీలో మాత్రం, గాయపడిన జంతువును దాని మానాన వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు. గురి తప్పింది, చీకటి పడింది, వాన వచ్చింది అనే సాకులు చెల్లవు. కొట్టినవాడే వెతికించాలి. అక్కడి హనోవర్ జాతి కుక్కలు మధ్యయుగాల్లో తాడుతో నడిపిన జాడకుక్కల నుంచే వచ్చాయి. వాటిని పెంచి, శిక్షణనిచ్చే సంఘం 1894లోనే ఏర్పడింది.

వెతుకులాట ముగిశాక వాళ్ళకొక ఆచారముంది. దగ్గరి చెట్టునుంచి విరిచిన పచ్చని రెమ్మను వేటగాడు టోపీకి గుచ్చుకోవాలి. జాడ తీసింది కుక్క అయితే ఆ రెమ్మలో కొంత తుంచి, ముందు దాని మెడపట్టీకి గుచ్చుతారు.